చెవి ఆనించే చోటు

నిశ్శబ్ద మండలం, సిబ్బంది క్వార్టర్లు
జూన్ మొదటి ఆదివారం

వదినకి,

పిట్ట నమస్కారాలు. పోయిన వారం ఆఫీసు ఫోన్ నుంచి చేస్తే అన్నయ్యే ఎత్తాడు. "మీ వదిన స్నానం చేస్తోంది" అన్నాడు. అంతకు ముందుసారి బట్టలు ఆరేస్తున్నావు. ఆ ముందుసారి నిద్రపోతున్నావు, పట్టపగలు. నా మీద కోపమేమైనా ఉంటే ఉత్తరంలో తిట్టు, పడతాను. ఎలాగూ ఆ ఫోన్ ఉన్నది గుమాస్తా బల్ల మీద. నేను నోరు తెరవగానే ఆయన టైపు చెయ్యడం ఆపేసి మరీ వింటాడు. మా డిష్‌కి అడ్డు రాకుండా చుట్టుపక్కల ఎక్కడా సెల్‌ఫోన్లూ వై-ఫైలూ ఉండకూడదు కదా, ఆయనకి మాత్రం వేరే కాలక్షేపం ఏముంది. పైగా ఆయన తాగే కాఫీ వాసన ఈ మధ్య నాకు పడటం లేదు. అందుకని ఇకనుంచి ఉత్తరాలే.

అంత పెద్ద డిష్ పెట్టుకుని మీరు వినేదేమిటి, నక్షత్రానికి గొంతు కూడా ఉంటుందా అని అడిగావు. ఉండదు వదినా. మధ్యలో గాలే లేనప్పుడు చప్పుడు రావడానికి దారేది? వచ్చేది రేడియో తరంగం. దాన్ని మేం స్పీకరుకి అందిస్తే మన చెవికి తెలిసే రూపం వస్తుంది. చచ్చిపోయిన నక్షత్రాలు కొన్ని ఉంటాయి. అవి గిర్రున తిరుగుతూ, తిరిగినప్పుడల్లా మన వైపు ఒక దెబ్బ విసురుతాయి. టక్, టక్, టక్. లయ తప్పమన్నా తప్పవు. కొన్ని ఎంత వేగంగా తిరుగుతాయంటే దెబ్బలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి తీగ మీటినట్టు ఒకే స్వరం వినిపిస్తుంది. ఆకాశం అంతా అలాంటివే. మనకి పుట్టుకతో వచ్చిన చెవులు చాలవు, అంతే.

మా ఆయన మామూలే. యాంటెన్నా బండి వేసుకుని ఊరూరా తిరిగి, మా డిష్‌ని పాడుచేసే కరెంటు చప్పుళ్లను వెతికి పట్టుకొస్తున్నాడు. ఈ వారం ఒక కోళ్లఫారం దీపం, ఒక ముసలాయన నడుముకి పెట్టుకునే కరెంటు మెత్త దొరికాయి. మెత్త తీసుకున్నందుకు ఆయనకి వేణ్నీళ్ల సంచి కొనిచ్చి వచ్చాడు, సొంత జేబులోంచి. ఇలాగైతే మేం మేడలు కట్టినట్టే.

నేను డిష్ పైకెక్కే పని మానుకుని, కింద గదిలో రిసీవర్లు సరిచేసే పని అడిగి తీసుకున్నాను. మోకాలు కాస్త నొప్పిగా ఉంది. కంగారు పడకు.

నీ పిట్ట


ప్రసూతి ఆసుపత్రి వెనక వీధి, మేడమీది వాటా
జూన్ నెలాఖరు

పిట్టా,

ఆశీస్సులు. కోపమా, నా మొహమా. నీ మీద కోపం తెచ్చుకోవాలంటే ముందు నాకు తీరిక ఉండాలి. నన్ను కాన్పుల గదిలోంచి తీసి, ముందు వరండాలో కార్డులు రాసే బల్ల దగ్గర వేశారు. పెద్దదాన్నయ్యానట, కూర్చునే పని ఇచ్చారట. గౌరవమే అనుకో. తెల్లారితే నూరుమంది గర్భిణీలు, పేరు, వయసు, ఎన్నో కాన్పు. వాళ్లకి ఏం రోగమో గాని, ఈ మధ్య మనుషులందరూ మాట నోట్లోనే మింగేస్తున్నారు. మూడుసార్లు అడిగితే గాని మొగుడి పేరు చెప్పరు. కొత్త డాక్టరమ్మ సరేసరి, మూతికి గుడ్డ కట్టుకుని గొణుగుతుంది. మీ అన్నయ్యకి పెళ్లయిన దగ్గర్నుంచీ గొణుగుడే కనక ఆయన్ని లెక్కలోకి తీసుకోను.

ఇంట్లో మాత్రం ప్రశాంతంగా ఉంది. కింది వాటా వాళ్ల కుక్క మొరగడం మానేసింది, ముసలిదైపోయినట్టుంది. మీ అన్నయ్య కుట్టు మిషన్‌కి నూనె పోసినట్టున్నాడు, చప్పుడే లేదు. గోడ గడియారం ఆగిపోయిందనుకుని బాగుచేయిద్దామని దింపాను. చూస్తే నడుస్తూనే ఉంది. వస్తువులకి కూడా వయసు పెరిగేకొద్దీ బుద్ధి వస్తుంది కాబోలు.

నీ నక్షత్రం సంగతి చదివి, కడుపు మీద ఆనించి బిడ్డ గుండె వినే నా చెక్క బాకా గుర్తు చేసుకున్నాను. మీరు ఆకాశం గురించి అంత గొప్పగా చెప్పుకుంటారు గాని, కడుపులో ఎన్ని చప్పుళ్లుంటాయో నీకేం తెలుసు. తల్లి రక్తం పారే హోరు, పేగుల గోల, ఊపిరి. అదంతా దాటి వెళ్తే అడుగున ఎక్కడో బిడ్డ గుండె. దిండు కింద చేతి గడియారం పెట్టినట్టు ఉంటుంది. కొత్త నర్సులు బాకాని చేత్తో పట్టుకుని వింటారు. పట్టుకోకూడదు. చెవితోనే అదిమి పెట్టి చెయ్యి తీసెయ్యాలి. చెయ్యి ఉన్నంతసేపూ నీ చెయ్యి చప్పుడే నీకు వినపడుతుంది.

మోకాలు నొప్పి అన్నావు. మోకాలు నొప్పి వచ్చినవాళ్లు నిచ్చెనలు ఎక్కరు, ఒప్పుకుంటాను. కాఫీ వాసన ఎందుకు పడదో అదే నాకు అంతుపట్టలేదు. చెప్పాల్సింది ఏమైనా ఉంటే చెప్పు. లేకపోతే మోకాలికి నూనె రాసుకో.

నీ వదిన


నిశ్శబ్ద మండలం
జూలై

వదినకి,

ముందు ఒక కబురు. మూడు వారాల పాటు మాకు ఒక వింత సంకేతం వచ్చింది. ఇంత బలంగా ఎప్పుడూ ఏదీ రాలేదు. కుర్రవాళ్లు అప్పుడే దానికి పేరు పెట్టేసి, పేపర్లో తమ ఫొటో ఏ పేజీలో వస్తుందో మాట్లాడుకుంటున్నారు. మా సూపరింటెండెంటు మాత్రం డిష్‌ని ఇటు తిప్పండి, అటు తిప్పండి అన్నాడు. ఎటు తిప్పినా అదే. అప్పుడు మా ఆయన్ని పిలిచారు. ఆయన ఎక్కడికీ వెళ్లలేదు, బండి కూడా తియ్యలేదు. "అన్ని దిక్కులా వినపడుతోందంటే అది ఆకాశంలో లేదండి, ముందు మన ఇల్లు వెతకాలి" అని చెప్పి, ఆఫీసులో గదులన్నీ తిరిగి, సూపరింటెండెంటు గారి బల్ల కిందే దాన్ని పట్టుకున్నాడు. ఏసీ చలికి కాళ్లు వెచ్చగా ఉండటానికి ఆయన రహస్యంగా పెట్టుకున్న కరెంటు పెట్టె. పాపం ఆయన మొహం చూడాలి. ఇప్పుడు రెండు జతల మేజోళ్లు వేసుకుని వస్తున్నాడు.

నవ్వావా? నవ్వాక చదువు.

మోకాలు బాగానే ఉంది వదినా. నాకు నాలుగో నెల.

నీకు ముందే తెలిసిపోయిందని తెలుసు. అయినా రాయడానికి చెయ్యి రాలేదు. రెండుసార్లు నీకు సంతోషంగా రాశాను, రెండుసార్లూ వెనకాలే ఇంకో ఉత్తరం రాయాల్సి వచ్చింది. అది మళ్లీ రాయలేను. మందులు వేసుకుంటున్నాను. పెద్దాసుపత్రికి వెళ్లి రక్తం పరీక్షకి ఇచ్చి వస్తున్నాను. స్కాన్ మాత్రం వద్దన్నాను. గుండె చప్పుడు కూడా వినొద్దన్నాను. డాక్టరు కోప్పడింది, సంతకం పెట్టి వచ్చాను.

పోయినసారి ఏం జరిగిందో నీకు పూర్తిగా చెప్పలేదు. ఆ గదిలో పడుకోబెట్టి మిషన్ పెట్టారు. స్కాన్ చేసే ఆవిడ అప్పటిదాకా వాళ్ల అమ్మాయి బడి గురించి చెబుతోంది. మధ్యలో మాట ఆపేసింది. తెరని మెల్లగా తన వైపు తిప్పుకుంది. అంతే. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అసలు సంగతి అది కాదు. ఆ ముందు రోజు వరకూ నాకు లోపల కదులుతున్నట్టే ఉండేది. గుండె ఆగి వారం దాటిందన్నారు. ఆ వారమంతా నేను చెయ్యి వేసుకుని దాంతో కబుర్లు చెప్పాను. ఇప్పుడు మళ్లీ ఏదో కదిలితే నేనెలా నమ్మేది? కావాలనుకున్నవాళ్లకి అన్నీ వినపడతాయి, మా కుర్రవాళ్లకి వినపడినట్టే.

అందుకని ఒకటి అడుగుతున్నాను. ఆరో నెల దాటాక సెలవు పెట్టి నీ దగ్గరికి వస్తాను. నువ్వు నీ బాకా పెట్టి విను. నువ్వు ఉందంటే ఉన్నట్టు. లేదన్నా నీ నోటితోనే వింటాను, ఆ తెర మీద మాత్రం చూడను. అంతవరకూ ఎవరూ వినడానికి వీల్లేదు.

అన్నయ్యకి అప్పుడే చెప్పకు.

పిట్ట


మేడమీది వాటా
ఆగస్టు

పిట్టా,

ఉత్తరం అందింది. చాలా సంతోషం. ఐరన్ మాత్ర భోజనం అయ్యాక గంట ఆగి వేసుకో. బరువులు ఎత్తకు. కాళ్లు వాచినా, కళ్లు మసకేసినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు.

వినే సంగతి. ఇప్పుడు బాకాల కాలం కాదమ్మా. చిన్న మిషన్లు వచ్చాయి, పొట్ట మీద ఆనిస్తే గదిలో అందరికీ వినపడుతుంది. అంత దూరం ప్రయాణం చేసి నా దగ్గరికి రావడం మంచిది కాదు. మీ పెద్దాసుపత్రిలోనే చూపించుకో. వాళ్లు చదువుకున్నవాళ్లు.

ఇక్కడ అందరం క్షేమం.

వదిన


నిశ్శబ్ద మండలం
ఆగస్టు మూడో వారం

వదినకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇది నువ్వే రాశావా, లేక మీ ఆసుపత్రి గోడ మీద అతికించిన కాగితం చూసి ఎత్తి రాశావా? "ఇక్కడ అందరం క్షేమం" అట. నీ జన్మలో ఎప్పుడైనా అలా రాశావా? ఊళ్లో ఎవరెవరికో వేళ కాని వేళ పరిగెత్తుకుంటూ వెళ్లి కాన్పులు చేశావు. నేను అడిగింది ఒక్కసారి చెవి పెట్టమని. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. ఆడపడుచులా కాదు, బిడ్డలా చూసుకున్నానని నలుగురిలో చెప్పుకుంటావు కదా. బిడ్డయితే ఇలాగే రాస్తావా? నా అచ్చిరాని కడుపు మీద చెవి పెట్టడానికి నీకు కూడా భయం వేసిందా? అదే నిజమైతే ఆ మాటే రాయాల్సింది.

ఇంక రాయను.

మర్నాడు

నిన్న ఈ కాగితం కోపంగా మడిచి పెట్టాను. పోస్టు చెయ్యలేదు. మా ఆయన చదువుతానన్నాడు, ఇచ్చాను. చదివి, నీ పాత ఉత్తరం ఒకటి ఉంటే ఇవ్వమన్నాడు. జూన్‌లో రాసింది ఇచ్చాను. అది చదివి, తిరిగి నా చేతిలో పెట్టి, "కుక్క మొరగదు, మిషన్ చప్పుడు చెయ్యదు, గడియారం కొట్టదు, జనమంతా గొణుగుతున్నారు. అన్ని దిక్కులా ఒకటేనే" అన్నాడు.

నాకు అప్పుడు తెలిసింది. చెవితో బతికే ఉద్యోగం చేస్తూ కూడా నాకు తట్టలేదు. నువ్వు స్నానం చెయ్యడం లేదు, బట్టలు ఆరెయ్యడం లేదు. ఫోన్ నీకు వినపడదు. నిన్ను బల్ల దగ్గర వేసింది గౌరవానికి కాదు.

వదినా, నిజమేనా? పైన రాసిందంతా కొట్టెయ్యాలనుకున్నాను. కొట్టెయ్యను. అంత కోపం నీ మీద తప్ప నాకు ఎవరి మీద వస్తుంది. అది కూడా నీకు తెలియాలి.

పిట్ట


మేడమీది వాటా
సెప్టెంబరు

పిట్టా,

నిజమే.

మా తమ్ముడు, అదే మీ ఆయన, గట్టివాడు. ఇంట్లో కూర్చుని అన్నేసి ఊళ్ల అవతల ఉన్న నా చెవిని పట్టుకున్నాడు. మీ అన్నయ్యకి మాత్రం పక్కనే ఉండి కూడా తెలియడానికి ఏడాది పట్టింది. నేను ఆయన మాట వినడం లేదంటే, అది మామూలే అనుకున్నాడట.

ఎడమ చెవి పూర్తిగా పోయింది. నేను బాకాకి ఆనించేది ఆ చెవే. కుడిది ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే పనికొస్తుంది, సగం పెదాలు చూసి అల్లుకుంటాను. నరం పోయిందన్నారు, తిరిగి రాదన్నారు. ఎవరికీ చెప్పుకోలేకపోయాను. ముప్పై ఏళ్లు నేను ఎవరినంటే ఈ చెవే నేను.

చలికాలంలో ఒక అమ్మాయి వచ్చింది, నీ వయసే, తొలిచూలు. బాకా పెట్టాను. ఏమీ లేదు. పక్కకి జరిపాను, కిందికి జరిపాను. ఎక్కడా ఏమీ లేదు. నా మొహంలో ఏం చూసిందో, ఆ పిల్ల మంచం మీదే స్పృహ తప్పింది. నేను పరిగెత్తి డాక్టరమ్మని తెచ్చాను. మిషన్ పెడితే గది దద్దరిల్లేలా కొట్టుకుంటోందట ఆ బిడ్డ గుండె. అందరూ నవ్వుతున్నారు, నాకు నవ్వులు కనపడుతున్నాయి గాని ఆ గుండె వినపడటం లేదు. ఆ సాయంత్రమే హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి, ఇకమీదట నన్ను ఏ తల్లి దగ్గరికీ పంపొద్దని నేనే చెప్పాను.

ఇప్పుడు చెప్పు. నీ కడుపు మీద చెవి పెట్టి నాకేమీ వినపడకపోతే, అది నా చెవా, నీ బిడ్డా? నాకెలా తెలుస్తుంది? నువ్వు నా మొహం వంకే చూస్తుంటావు. నేను ఉందని అబద్ధం చెప్పలేను, లేదని చెప్పనూ లేను. అందుకే ఆ గోడమీది కాగితం రాశాను. ఆ ముక్కలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. నీ కడుపంటే భయమా అన్నావు. నా చెవంటే భయం.

ఈ ఉత్తరంతో పాటు బాకా పంపుతున్నాను. విరిగిపోతుందేమోనని మీ అన్నయ్య కుట్టు ముక్కల్లో చుట్టాడు. చుడుతూ ఏడ్చాడు, కనక ఆయనకి నీ కడుపు సంగతి చెప్పేశానని నీకు అర్థమై ఉంటుంది. తమ్ముణ్ణి వినమను. ఏమీ వినకుండానే నా సంగతి పట్టుకున్న చెవి అది.

తమ్ముడికి చెప్పు. ముందు చేత్తో తడమాలి. ఒక పక్క పలకలా గట్టిగా, నున్నగా తగులుతుంది, అది బిడ్డ వీపు. రెండో పక్క మెత్తగా గతుకులుగా ఉంటుంది, అవి కాళ్లూ చేతులూ. వీపు ఉన్న వైపే బాకా ఆనించాలి, బొడ్డుకి కాస్త కింద. చెయ్యి తీసెయ్యాలి. తొందరపడకూడదు. మొదట అంతా హోరే. వినపడకపోతే ఏదో అయిపోయినట్టు కాదు, కొత్త చెవి అని మాత్రమే అర్థం. అప్పుడు ఇంట్లో కూర్చోకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్లండి. వినపడినా వెళ్లండి. ఇది నా షరతు. చెక్క బాకా గుండె ఉందో లేదో చెబుతుంది, ఎలా ఉందో అంతా చెప్పలేదు. ఆ తెర దగ్గరికి నువ్వు ఎప్పటికైనా వెళ్లాలి తల్లీ.

నీ వదిన


నిశ్శబ్ద మండలం
సెప్టెంబరు చివరి వారం

వదినకి,

బాకా క్షేమంగా చేరింది. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నీ గురించే ఏడ్చాను, నా గురించి కాదు, చాలా రోజుల తర్వాత అలా. ఇంతకాలం నేను నక్షత్రాల కబుర్లు రాస్తుంటే నువ్వు అంత ఓపిగ్గా ఎలా చదివావు?

మా ఆయన సంగతి విను. చెవికి అలవాటు కావాలంటూ కనపడిన ప్రతిదానికీ బాకా ఆనిస్తున్నాడు. పెరట్లో చెట్టుకి ఆనిస్తే, గాలి వీచినప్పుడు లోపల ఎక్కడో పాత తలుపు తీసినట్టు మూలుగుతోందట. చీమల పుట్టలో ఇసుక రాలుతున్న చప్పుడట. డిష్ ఇనుప కాలికి పెట్టి, "ఇది పాడుతోందే, రా" అని నన్ను పిలిచాడు. నేనూ విన్నాను. నిజంగానే పాడుతోంది, గొంతు బాగా తగ్గించి. పైన అన్ని కోట్లు పోసి దూరపు చుక్కల్ని వింటున్నాం, దాని కాలు ఏమంటోందో ఇన్నేళ్లలో ఎవరూ వినలేదు. పక్కింటి పిల్లి మాత్రం ఒప్పుకోలేదు. చేతి మీద రక్కింది.

పోయిన శుక్రవారం వర్షం వెలిశాక నేలకి ఆనించి విన్నాడు. నీళ్లు ఇంకుతుంటే మట్టి చిటపటలాడుతుందట. బోర్లా పడుకుని అరగంట విన్నాడు. సూపరింటెండెంటు అటుగా వచ్చి, పడిపోయాడనుకుని పరిగెత్తుకొచ్చాడు. సంగతి చెబితే ఆయన కూడా పడుకున్నాడు.

నవ్వుకుంటున్నాం గాని, ఎందుకు ఇవన్నీ వింటున్నాడో ఇద్దరికీ తెలుసు. అన్నిటికీ ఆనించాడు, నా దగ్గరికి మాత్రం రాలేదు. ఆయన రేపు అంటే నేను ఎల్లుండి అంటున్నాను. ఈ క్షణం దాకా నాకు బిడ్డ ఉంది వదినా. విన్నాక ఉంటుందో లేదో.

పిట్ట


మేడమీది వాటా
అక్టోబరు

పిట్టా,

నువ్వు వినకపోతే ఆగేదీ లేదు, వింటే పోయేదీ లేదు. లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నీ ఎల్లుండికి ఈ ఉత్తరం చేరేసరికి నెల నిండుతుంది. పడుకో.

వదిన


పెద్దాసుపత్రి ఎదురుగా, సత్రం గది
అక్టోబరు

వదినకి,

నీ రెండు ముక్కలు అందిన సాయంత్రమే పడుకున్నాను.

ముందు మా ఆయన ఇల్లంతా తిరిగాడు. ఫ్యాను ఆపాడు, ఫ్రిజ్ ప్లగ్ పీకాడు, గడియారం తీసుకెళ్లి పెరట్లో పెట్టాడు. వంటింటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతుంటే దానికి గుడ్డ కట్టాడు. ఇంక ఆపడానికి ఏమీ మిగలక నా దగ్గరికి వచ్చాడు. నువ్వు చెప్పినట్టే తడిమి, కుడి పక్క గట్టిగా ఉందన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని, బాకా ఆనించి, చెయ్యి తీసేశాడు. ఆయన తల వెనక భాగమే నాకు కనపడుతోంది. చెవి దగ్గర జుట్టు నెరిసిందని అప్పుడే చూశాను.

ఏమైనా వినపడితే నోటితో చెప్పొద్దు, అరచేతిలో వేలితో కొట్టు అన్నాను. మాటలైతే నన్ను ఓదార్చడానికి కల్పిస్తాడేమోనని. చాలాసేపు వేలు కదల్లేదు. తర్వాత కొట్టడం మొదలుపెట్టింది. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఆగి, ఇంకొకటి.

వదినా, అంత నిదానంగా బిడ్డ గుండె కొట్టుకోదని నాకు తెలుసు. ఆగిపోబోతోందన్నమాట అనుకున్నాను. చాల్లే, తీసెయ్యి అన్నాను. ఆయన తల ఎత్తలేదు. రెండో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, "ఇది నువ్వేనే" అన్నాడు. "ముందు మన ఇల్లు వెతకాలిగా."

నా నాడే. రోజంతా అదే పని చేసి బతికేదాన్ని, నా చప్పుడుని నేనే బిడ్డదనుకుని చచ్చిపోబోయాను.

బాకా రెండు వేళ్లు కిందికి జరిపాడు. ఊపిరి బిగబట్టాడు, ఆయన వీపు కదలడం ఆగింది. అప్పుడు నా మణికట్టు మీద వేలు నా నాడితో పాటు నిదానంగానే కొడుతోంది, అరచేతిలో వేలు మాత్రం పరుగందుకుంది. ఇది ఒకటి కొట్టేలోపు అది దాదాపు రెండు. ఒకదానికొకటి సంబంధం లేకుండా, దేని లయ దానిదిగా, రెండూ నా ఒంట్లోనే. ఎంతసేపు కొట్టాడో తెలియదు. ఆయన మొహం అటు తిరిగి ఉంది, చూడలేదు గాని నా పొట్ట తడిసింది.

నేను వినలేదు. నా కడుపుకి నా చెవి అందదు కదా. అయినా నమ్మాను. నా ఒంటిని నేను నమ్మలేదు, నీ చెయ్యి నేర్పిన ఆయన వేలిని నమ్మాను.

నీ షరతు ప్రకారం మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఈసారి తెర నా వైపే ఉంచమని అడిగాను, ఉంచారు. బిడ్డ బాగుంది. బరువు కాస్త తక్కువన్నారు, తినమన్నారు. స్పీకరు పెట్టారు. గది అంతా నిండిపోయింది ఆ చప్పుడు. నేను మాత్రం కళ్లు మూసుకుని మా ఆయన చెయ్యి వెతుక్కున్నాను.

ఇదంతా నీకు వినిపించే దారి లేదన్నదే నా బాధ.

పిట్ట


మేడమీది వాటా
నవంబరు

పిట్టా,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేత పైకి చదివించాను. ఎదురుగా కూర్చుని, పెదాలు చూస్తూ. అరచేతిలో వేలు కొట్టిన దగ్గర ఆయన ఆగిపోయాడు. ఇంక చదవక్కర్లేదు, నా చేతిలో కొట్టి చూపించు అన్నాను. కొట్టాడు. ఆయన తాళం ఎప్పుడూ తప్పే, పెళ్లి బాజాకి కూడా తప్పు అడుగు వేసిన మనిషి. ఇంకొంచెం వేగంగా అన్నాను. ఇంకొంచెం. కాదు, రెండేసి కలిపి, వెంటవెంటనే. చివరికి కుదిరింది. కుదరగానే నా చెయ్యి గుర్తుపట్టింది పిట్టా. ముప్పై ఏళ్లుగా విన్నదే. అది పోయిందనుకున్నాను, చెవిలోంచి మాత్రమే పోయింది. ఇక నాకు వినిపించే దారి లేదని నువ్వు బాధపడక్కర్లేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి కొత్త నర్సుల్ని ఇద్దరిని పిలిచాను. మీరు వినండి, నా చేతిలో కొట్టండి, తల్లిదో బిడ్డదో నేను చెబుతాను అన్నాను. హెడ్ నర్సు ముందు నవ్వింది. తర్వాత, ఎలాగూ చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా, రోజూ ఒక గంట నేర్పమంది. కార్డులు ఇంకొకరు రాస్తారట.

చెవి మిషన్ పెట్టుకోమని మీ అన్నయ్య వెంటపడుతున్నాడు. పెట్టుకుంటాను. కాకపోతే అది పెట్టుకుని మీ మండలంలోకి వస్తే తమ్ముడు బండేసుకొచ్చి నన్ను పట్టుకుంటాడేమో కనుక్కో. అందుకే కాన్పుకి నువ్వే ఇక్కడికి రా. ఎనిమిదో నెల నిండకముందే రా. కాన్పుల గదిలో నేనుంటాను, అడిగి ఒప్పించాను. మిషన్ వాళ్లు చూసుకుంటారు. నా చెయ్యి నీ పొట్ట మీద ఉంటుంది.

ఒక్కటి మాత్రం తమ్ముడికీ డాక్టరమ్మకీ ముందే చెప్పి ఉంచు. బిడ్డ పుట్టగానే ఏడుస్తుంది. అందరూ సంతోషంలో దాన్ని తుడవడం, తూచడం అంటూ అటూ ఇటూ తిప్పుతారు. అవన్నీ తర్వాత. ముందు నా కుడి చెవి దగ్గరికి తెచ్చి కాసేపు అలాగే ఏడవనివ్వండి.

నీ వదిన